ఏడో ఫారం

బైండరమ్మ పుస్తకాలని ఫారాల్లో కొలుస్తుంది. పదహారు పుటలు అచ్చయిన పెద్ద కాగితాన్ని మడత మీద మడత పెడితే ఒక ఫారం. ఫారాలన్నీ వరసగా పేర్చి, కుట్టి, వెన్నుకి జిగురు రాసి, అట్ట తొడిగితే పుస్తకం. మనం "అబ్బో, ఎంత లావు పుస్తకం!" అనే చోట ఆమె "ఇరవై రెండు ఫారాలు" అని ఊరుకుంటుంది. ఇరవయ్యో ఏట ఆ పనిలో చేరింది, ఇప్పుడు నలభై రెండు. ఈలోగా ఆమె చేతుల మీదుగా ఎన్ని వేల పుస్తకాలు వెళ్లాయో చెప్పలేం గానీ, మూడేళ్ల క్రితం వరకూ వాటిలో ఆమె చదివినవి ఎన్నో చెప్పడం చాలా తేలిక. ఒక్కటీ లేదు.

ఆమె చేత చదివించింది వాన. ఒక శనివారం మధ్యాహ్నం బైండు చేసిన పాత పత్రికల కట్టలు గ్రంథాలయంలో అప్పజెప్పి బయల్దేరబోతుంటే కుండపోత మొదలైంది. కాసేపు నిలబడదామని మేడ మీద గదిలోకి తొంగిచూస్తే ఐదుగురు మనుషులు, ఒక సారు, బల్ల మీద ఒక నలిగిన పుస్తకం. సారు కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. కొరుకుడు పడని పుస్తకాలనీ, నత్తనడక సినిమాలనీ, మొదలేదో చివరేదో పోల్చుకోలేని సంగీతాన్నీ ఏరికోరి తెచ్చి, ఎవరొస్తే వాళ్లకి శనివారాలు పాఠం చెప్పేవారు. ఆ రోజు ఒక పుట పైకి చదివి, గుమ్మంలో నీళ్లోడుతూ నిలబడ్డ ఆమె వైపు తిరిగి, "మీకేమనిపించిందండీ?" అని అడిగారు.

"నాకేం అర్థం కాలేదండీ" అంది.

"అది సరేనమ్మా. ఏమనిపించింది?"

అర్థం కావడం వేరు, అనిపించడం వేరు అని అప్పటిదాకా ఆమెతో ఎవరూ అనలేదు. "ఆ ఇల్లాలు ఎవరి మీదో అలిగినట్టుందండీ" అంది. సారు నవ్వలేదు. ఆ మాటని తన నోటు పుస్తకంలో రాసుకున్నారు. అంతమంది రాసినవి కుట్టిన మనిషే గానీ, తన మాటని ఒకరు రాసుకోవడం ఆమె చూడటం అదే మొదలు. ఆ పై శనివారం వాన లేదు. అయినా వచ్చింది. ఆ తర్వాత మూడేళ్లలో ఆమె రాని శనివారాలు రెండే, ఆ రెండూ జ్వరం పుణ్యం.

ఇంట్లో అత్తగారు ముక్కున వేలేసుకుంది. "అర్థమయ్యే పుస్తకాలన్నీ అయిపోయాయిటే, అర్థం కానివాటి మీద పడ్డావు?" అని రోజుకోసారైనా అడిగేది. ఆవిడ అలా అడిగిందంటే అడగొచ్చు. ఆ బైండింగ్ షాపుని ముప్పై ఏళ్లు ఏలిన మేస్త్రి ఆవిడే. పనిలో చేరిన పిల్ల చేతివేగం చూసి, ఏడాది తిరక్కుండా కోడల్ని చేసుకుంది. ఇప్పుడు మోకాళ్లు మొరాయించి ఇంట్లో కూర్చుంది గానీ, నోటికి ఏ మొరాయింపూ లేదు. "నా బల్ల మీంచి తప్పు పుస్తకం ఒక్కటంటే ఒక్కటి గడప దాటలేదు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది. రానివాళ్లకి కూడా కిటికీలోంచి చెప్పేది.

ఇక ఆ పుస్తకం సంగతి. అదొక నవల. గడియారాలు బాగుచేసే ఒకాయన, ఆయన భార్య. కొడుకు పోయాక ఆ ఇల్లాలు మాట మానేసింది. కథ అంతే, చెప్పాలంటే ఒక్క ముక్క. రాసిన తీరు మాత్రం మహా పెంకి. పుటలకి అంకెలు లేవు, రచయిత ససేమిరా వద్దన్నాడట. అధ్యాయాలు లేవు. వాక్యం నడుస్తూ నడుస్తూ మధ్యలో తెగిపోతుంది, తర్వాతి పుటలో ఇంకేదో మొదలవుతుంది. సారు ఆ తెగినచోట్లకి 'విరుపులు' అని పేరు పెట్టారు. మొత్తం పద్నాలుగు. కాలేజీలోనూ, ఆ తర్వాత ఈ గదిలోనూ కలిపి ఇరవై రెండేళ్లుగా ఆ పద్నాలుగూ పాఠం చెబుతున్నారు. ఆ నవల మళ్లీ అచ్చు కాలేదు, ఇంకో ప్రతి కోసం సారు వెతకని కొట్టు లేదు. అందుకే తరగతిలో అందరి దగ్గరా ఉన్నవి సారు పుస్తకానికి జెరాక్సు కాపీలే.

విరుపులన్నిట్లో సారుకి ప్రాణం ఆరోది. ఆరు ఫారాల పొడవునా పెదవి విప్పని ఆ ఇల్లాలు, ఒక మధ్యాహ్నం మొగుడు కిటికీ రెక్క మీద చెయ్యి వేసినప్పుడు, 'నోరు తెరిచి' అన్నదగ్గర పుట అయిపోతుంది. పుట తిప్పితే గడియారం కొట్టుకోవడం మొదలవుతుంది. ఆవిడ ఏమందో పుస్తకం చెప్పదు. "దుఃఖానికి మాట ఇవ్వడానికి రచయిత ఒప్పుకోలేదు. ఆ మాట ఉండాల్సిన చోట కాలాన్ని పెట్టాడు" అనేవారు సారు. మొదటిసారి విన్నప్పుడు తరగతికొచ్చే ఆసుపత్రి నర్సమ్మ కళ్లు తుడుచుకుంది, పక్కనున్న తాళాలు బాగుచేసేవాడు బల్ల కిందకి చూస్తూ కూర్చున్నాడు.

బైండరమ్మ మాత్రం చెయ్యెత్తింది. "నోరు తెరిచిన మనిషి ఏదో ఒకటి అనే ఉంటుంది కదండీ?"

"అనాలని మన కోరికమ్మా. పుస్తకం ఆ కోరిక తీర్చదు" అన్నారు సారు, మెత్తగా. ఆమె తల ఊపింది. కానీ ఆ మాట చెవిలో జోరీగలా రెండేళ్లపాటు తిరుగుతూనే ఉంది. అన్నం వారుస్తూ, ఫారాలు మడుస్తూ, ఆ ఇల్లాలు ఏమని ఉంటుందా అని ఆలోచించేది. ఒకసారి ఆ పుటని పదకొండుసార్లు వరసగా చదివింది. ఏమీ దొరకలేదు, అయినా చదవడం బాగుంది.

ఇలా ఉండగా గ్రంథాలయ కమిటీకి కొత్త అధ్యక్షుడు వచ్చాడు. వంతెనలు కట్టించి రిటైరైన ఇంజనీరు. మేడ మీద గది పోటీ పరీక్షల శిక్షణకి ఇస్తే అరవై మంది కూర్చోవచ్చు, ఆరుగురి కోసం దాన్ని ఎందుకు పట్టుకుని కూర్చోవాలని ఆయన అడిగాడు. అడగడంలో అన్యాయమేమీ లేదు, అదే తంటా. ముందొకసారి వచ్చి తరగతి చూస్తాననీ, ఆ తర్వాతే తేలుస్తాననీ అన్నాడు. వచ్చే శనివారమే ముహూర్తం. సారు ఆరో విరుపు చెబుతానన్నారు. పుస్తకం కుట్లు వదిలి పుటలు ఊడుతున్నాయి, పెద్దమనుషుల ముందు అలా ఎందుకని బైండరమ్మే అడిగి షాపుకి తీసుకెళ్లింది.

గురువారం పొద్దున్న అట్ట ఊడదీసి, పాత జిగురు గీకి, కుట్టు విప్పబోతూ ఆగింది. దారం చివర ముడి ఎడమకి తిరిగి ఉంది. ఆ షాపులో ఎడమచేతి వాటం మనిషి ఆమె ఒక్కతే. ఈ పుస్తకం కుట్టింది తనేనన్నమాట! ఆమెకి నవ్వొచ్చింది. ఎవరో రాశారు, ఎవరో పాఠం చెప్పారు, కుట్టింది నేను అనుకుని, కాస్త గర్వపడి, దారం తెంపింది.

ఫారాల వెన్ను మీద, మడత దగ్గర, ఆవగింజంత అంకె అచ్చు వేస్తారు, పేర్చేటప్పుడు వరస తెలియడానికి. జిగురు రాశాక అది లోపల పడిపోతుంది, పుస్తకం విప్పితే తప్ప మళ్లీ మనిషి కంట పడదు. ఆమె అలవాటుగా అంకెల మీద వేలు పోనిచ్చింది. నాలుగు, అయిదు, ఆరు, ఎనిమిది, ఏడు, తొమ్మిది.

మళ్లీ పోనిచ్చింది. ఆరు, ఎనిమిది, ఏడు, తొమ్మిది.

ఎలా జరిగిందో ఆమెకి వెంటనే తెలిసిపోయింది. ఫారాల దొంతరలు పెద్ద బల్ల అంచున వరసగా పెడతారు. ఒక్కో దొంతర నుంచి ఒక్కోటి తీసుకుంటూ బల్ల చుట్టూ నడిస్తే, ఒక చుట్టుకి ఒక పుస్తకం. ఆరో దొంతర తర్వాత బల్ల మూల తిరుగుతుంది. చేరిన కొత్తలో ఆ మూల దగ్గర ఆమె ఎడమచెయ్యి ముందుకి పోయి, దాటాల్సిన దొంతరని దాటేసి, మళ్లీ వెనక్కి వచ్చేది. అత్తగారు ఎన్నిసార్లు మొట్టికాయ వేసిందో లెక్కలేదు.

ఆమె ఫారాలు సరైన వరసలో పెట్టి, ఆరో ఫారం చివరి పుట, ఏడో ఫారం మొదటి పుట పక్కపక్కన పరిచింది. చదివింది. 'నోరు తెరిచి' అని ఇక్కడ. 'కిటికీ మూయకండి, అంది' అని అక్కడ.

ఆ మాట ఆమెకి తెలుసు. తరగతిలో అందరికీ తెలుసు. ఎనిమిదో ఫారం చివర పక్కింటావిడ వచ్చి గుమ్మంలో నిలబడుతుంది, తిప్పితే 'కిటికీ మూయకండి, అంది.' కాబట్టి అన్నది పక్కింటావిడే అనుకున్నారు. ఆ పక్కింటావిడ చొరవ గురించి తరగతికొచ్చే పోస్టుమాన్‌గారు ఒక శనివారమంతా మాట్లాడారు కూడా. అది ఆవిడ మాట కాదు. కొడుకు పోయిన తల్లి, ఆరు ఫారాల తర్వాత నోరు తెరిచి అన్న మొదటి మాట. బైండరమ్మ జిగురు చేతులతోనే మొహం కప్పుకుని ఏడ్చింది. అంది, ఆవిడ అంది. ఇన్నాళ్లూ అంటూనే ఉంటే తామెవరూ వినలేదు. విననివ్వకుండా చేసింది తనే.

ఇంటికెళ్లి అత్తగారికి చెప్పింది. ఆవిడ అంతా విని, చాలాసేపు మోకాళ్లు రాసుకుంది.

"పుట అంకెలు చూసి సరిచూసేదాన్ని. దానికి అంకెలే లేకపోతే ఏం చూడను?" అంది. "వెన్ను చూడాల్సింది. ఆ రోజు తొందరలో చూడలేదు. తప్పు నాదీనూ" అంది. ఆ మాట ఆవిడ నోట వినడం ఇరవై ఒక్క ఏళ్ల కాపురంలో ఇదే.

"ఇప్పుడేం చెయ్యను అత్తయ్యా?"

"ఉన్నది ఉన్నట్టు కుట్టేసెయ్. ఎల్లుండి వాళ్లొస్తున్నారంటున్నావు. అరవై ఎనిమిదేళ్ల మనిషికి ఇప్పుడెళ్లి, నువ్వు బతుకంతా చెప్పింది తప్పని చెబుతావా? శనివారం కానిచ్చాక చెప్పుకో."

"తెలిసి తప్పు కుట్టకూడదని చెప్పింది మీరేగా."

"చెప్పాను. అప్పుడు నాకేం తెలుసు, ఇలాంటిది ఒకటి వస్తుందని" అంది అత్తగారు విసుగ్గా, మొహం అటు తిప్పుకుని.

శుక్రవారం సాయంత్రం ఎండ ఉండగానే ఆమె సారు ఇంటికెళ్లింది. ఒంటరి మనిషి, పుస్తకాల మధ్య ఒక కుర్చీ, ఒక మంచం. టీ పెడతానన్నారు. వద్దని, ఫారాలు బల్ల మీద పరిచి, వెన్ను మీద అంకెలు చూపించింది. ఎవరు చేశారో కూడా దాచలేదు. సారు మొదట అగ్గి మీద గుగ్గిలమయ్యారు.

"పుస్తకం తప్పంటారేమిటి? ఇరవై రెండేళ్లుగా చదువుతున్నాను నేను! అచ్చులో అంకెలు తప్పు పడి ఉండొచ్చుగా?"

ఆమె రెండు పుటలూ పక్కపక్కన జరిపింది. సారు కళ్లజోడు సర్దుకుని చదివారు. మళ్లీ చదివారు. ఆయన చెయ్యి కాగితం మీద అలాగే ఉండిపోయింది. అంత పెద్దమనిషి ఒక్కసారిగా చిన్నబోవడం చూడలేక ఆమె కిటికీ వైపు తిరిగింది.

"మీరు అడిగారు" అన్నారు సారు. "ఏదో ఒకటి అనే ఉంటుంది కదా అని అడిగారు. నేను కాదన్నాను."

"పోన్లెండి సార్..."

"ఎంతమంది పిల్లలు అడిగి ఉంటారో, నేను ఎంతమందిని కాదని ఉంటానో." ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "ఇక మీరు వెళ్లండమ్మా. రేపు దీన్ని కుట్టకుండా, ఇలాగే తీసుకురండి."

ఆ మాటకి అర్థమేమిటో ఆమెకి తెలియలేదు. రేపు సారు వస్తారో రారో కూడా తెలియలేదు. దారంతా తనని తాను తిట్టుకుంటూ నడిచింది. నోరు మూసుకుని కుట్టి ఉంటే గది దక్కేదేమో. ఆ గది పోతే మళ్లీ శనివారం ఉత్త శనివారమే, తను మళ్లీ ఫారాలు కొలిచే మనిషే. "ఏమనిపించింది?" అని అడిగే గొంతు ఊరంతా వెతికినా ఇంకోటి దొరకదు.

సారు వచ్చారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని అందరికంటే ముందే వచ్చారు. అధ్యక్షుడు ఇద్దరు సభ్యులతో వచ్చి ముందు వరసలో, చేతి గడియారం ఒకసారి చూసుకుని కూర్చున్నాడు. సారు లేచి నిలబడ్డారు.

"ఇరవై రెండేళ్లుగా నేను ఒక బైండింగ్ పొరపాటుని పాఠం చెప్పాను" అన్నారు.

ఆయన ఏదీ దాచలేదు. అంకెలు చూపించారు, పద్నాలుగు విరుపుల్లో మూడు రచయితవి కావన్నారు. తను మురిసిపోయిన ఆరోది అసలు లేనేలేదన్నారు. పోస్టుమాన్‌గారు నాలుక కరుచుకున్నారు. నర్సమ్మ తన జెరాక్సు కాపీలో పుటలు అటూ ఇటూ మార్చుకుని చదువుకుని, "అయ్యో తల్లీ" అంది, ఎవరితోనో.

అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. వెటకారం లేదు, నిజంగానే అడిగాడు. "అంటే మాస్టారూ, కట్టని వంతెన మీద ఇంతమందిని ఇన్నేళ్లు నడిపించారన్నమాట. అసలు ఎటు అతికించినా అర్థం ఒకేలా తోచే పుస్తకం చదివి వీళ్లు నేర్చుకున్నదేమిటి?"

సారు నోరు తెరిచారు. ఆయన మాట ఎత్తేలోపే బైండరమ్మ లేచింది. ఎందుకు లేచిందో ఆమెకే తెలియదు.

"నేనండీ ఆ తప్పు చేసింది. చేసేనాటికి నేను దాంట్లో ఒక్క వాక్యం చదవలేదు. ఈ తరగతికి రాకపోయి ఉంటే మొన్న గురువారం కూడా చదివేదాన్ని కాదు. అంకెలు చూసి, వరస మార్చి, కుట్టి పంపేసేదాన్ని. నా పని అయిపోయేది. లోపల ఒక ఆడమనిషి మాట తిరిగొచ్చిందని నాకూ తెలిసేది కాదు, ఎవరికీ తెలిసేది కాదు." ఊపిరి తీసుకుంది. "ఆవిడ ఏదో అనే ఉంటుందని రెండేళ్లుగా నా మనసులో ఉంది. సారు కాదన్నారు. కాదన్నా వదలకుండా చదవమన్నది కూడా సారేనండీ. తేలిగ్గా అర్థమైపోయేదైతే నేను ఒకసారి చదివి పక్కన పడేసేదాన్ని. ఇంట్లో మనుషుల్ని కూడా అలాగే పడేస్తూ వచ్చాను. ఇప్పుడు ఎవరైనా మాట్లాడకపోతే, ఏమీ లేదని అనుకోవడం మానేశాను. నేర్చుకున్నది అదేనండీ. తప్పు పుస్తకంలోనే నేర్చుకున్నాను."

కూర్చుంది. అధ్యక్షుడు బల్ల దగ్గరికి వెళ్లి ఏడో ఫారం చేతిలోకి తీసుకున్నాడు, వెన్ను మీద అంకె చూశాడు, మొదటి పుట చూశాడు. "నిర్ణయం ఉత్తరంలో తెలియజేస్తాం" అని సభ్యులతో కలిసి మెట్ల వైపు నడిచాడు.

ఆయన వెళ్లాక గానీ బైండరమ్మ చూసుకోలేదు. బల్ల మీద ఏడో ఫారం లేదు! కుట్టని పుస్తకంలోంచి ఒక్క కాగితం పోతే ప్రాణం పోయినట్టుండే మనిషి. పరుగెత్తింది. మెట్ల మలుపు దగ్గర ఆగిపోయింది. సభ్యులిద్దరూ కింద స్కూటరు దగ్గర ఎదురుచూస్తున్నారు. అధ్యక్షుడు సగం మెట్ల మీద, గోడకి భుజం ఆనించి, ఫారం కళ్లకి దగ్గరగా పెట్టుకుని చదువుతున్నాడు. పెదవులు కదులుతున్నాయి. ఆమె రెండడుగులు వేసి, మళ్లీ వెనక్కి వచ్చేసింది.

"ఇచ్చారా?" అన్నారు సారు.

"చదువుతున్నారండీ."

"అయితే ఉండనివ్వండి."

ఆ వారమంతా ఆమె మిగిలిన ఇరవై ఒక్క ఫారాలూ గుడ్డలో చుట్టి షాపు బీరువాలో పెట్టింది. ఉత్తరం రాలేదు. "పుస్తకాన్ని అలా అవిటిదాన్ని చేసి కూర్చోబెడతావా?" అని అత్తగారు రుసరుసలాడింది. కానీ గురువారం అన్నం తింటూ తింటూ, "ఆవిడ కిటికీ ఎందుకు మూయొద్దందే?" అని అడిగింది. "నాకూ తెలియదు అత్తయ్యా" అంది కోడలు. ఆ రోజు ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు, కిటికీ గురించి మొదలుపెట్టి, ఎప్పుడో చిన్నప్పుడే పోయిన అత్తగారి తమ్ముడి గురించి. ఆ పిల్లాడి సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తగా బైండరమ్మ వినలేదు.

శనివారం మధ్యాహ్నం గదిలో ఎప్పటి ఆరుగురే, సారుతో ఏడుగురు. సారు పాఠం మొదలుపెట్టబోతుండగా తలుపు చప్పుడైంది. అధ్యక్షుడు ఒక్కడే వచ్చాడు. ఏడో ఫారం దినపత్రికలో జాగ్రత్తగా చుట్టి చంకలో పెట్టుకున్నాడు. గది సంగతేమైందని అందరి మొహాల్లోనూ ఉంది. ఆయన ఆ సంగతి ఎత్తలేదు. పొట్లం విప్పి, ఫారాన్ని బైండరమ్మ చేతిలో పెట్టాడు.

"వారం రోజులుగా నిద్ర లేదమ్మా నాకు" అన్నాడు. "కిటికీ ఎందుకు మూయొద్దందంటారు?"

సారు ఆమె వైపు చూశారు. ఆమె చివరి బెంచీ మీద కాస్త జరిగి చోటు చూపించింది.

"కూర్చోండి సార్" అంది. "ముందు మీకేమనిపించిందో చెప్పండి."